నీటి అడుగు ఆటల విరాళ పోటీలు

ఆటగాళ్లు ఊపిరి బిగబట్టి నీటి మట్టానికి దిగువన ఆడే ఆటలను వినోదంగా, పోటీ రూపంలో జరిపి, ప్రవేశ రుసుములు, చందాలు, ప్రాయోజకుల సాయం రూపంలో వచ్చిన సొమ్ములో ఖర్చులు పోగా మిగిలినదాన్ని ముందే ప్రకటించిన సేవా కార్యానికి అప్పగించే కార్యక్రమాన్ని నీటి అడుగు ఆటల విరాళ పోటీ అంటారు. క్రీడ, నిధుల సేకరణ, జలభద్రత అనే మూడు రంగాలు ఇందులో కలుస్తాయి. నియమబద్ధమైన నీటి అడుగు క్రీడలు ఇరవయ్యో శతాబ్దం నడుమ ఐరోపాలో రూపుదిద్దుకున్నాయి. మునిగి ఆడే ఆటలు మాత్రం తెలుగు నేల మీద, ముఖ్యంగా బావుల మీద బతికిన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో, తరాలుగా ఉన్నాయి.

నిర్వచనం, పరిధి

ఈత పందెం, వాటర్ పోలో, పడవ పందెం నీటిపై ఆడే ఆటలు. ఆటవస్తువు గాని, గమ్యం గాని, ప్రత్యర్థితో తలపడే చోటు గాని నీటి మట్టం కింద ఉంటేనే అది నీటి అడుగు ఆట అవుతుంది. గాలి కోసం పైకి రావడం, మళ్లీ మునగడం ఈ ఆటల సామాన్య లక్షణం. గాలి సిలిండర్లతో ఆడే స్కూబా పోటీలు కూడా ఈ కుటుంబంలోనివే. అయితే వాటికి ప్రత్యేక శిక్షణ, ధ్రువపత్రం కావాలి కాబట్టి సామాన్యుల కోసం జరిపే విరాళ పోటీల్లో వాటికి చోటు తక్కువ.

విరాళ పోటీని మామూలు పోటీ నుంచి వేరుచేసే లక్షణాలు మూడు. సొమ్ము ఎవరికి, ఏ పనికి చేరుతుందో పోటీకి ముందే ప్రకటిస్తారు. బహుమతులు నామమాత్రంగా ఉంటాయి. ఆరితేరిన క్రీడాకారులతో పాటు కొత్తవారూ పాల్గొనేలా నియమాలను సడలిస్తారు.

చరిత్ర: అంతర్జాతీయ నేపథ్యం

నీటి అడుగు హాకీ 1954లో ఇంగ్లండ్‌లోని సౌత్‌సీలో పుట్టింది. అక్కడి డైవింగ్ క్లబ్బుకు చెందిన అలన్ బ్లేక్, చలికాలంలో సముద్రంలోకి దిగలేని సభ్యులు చెదిరిపోకుండా ఈత కొలనులో ఆడుకునేందుకు దీన్ని రూపొందించారు. మొదట జట్టుకు ఎనిమిది మంది ఉండేవారు. అందువల్లే దీనికి ‘ఆక్టోపుష్’ అనే పేరు వచ్చింది. నీటి అడుగు రగ్బీ 1960ల ఆరంభంలో జర్మనీలో మొదలైంది. ఉప్పునీటితో నింపిన బంతి కొలనులో మునుగుతుందని గమనించిన లుడ్విగ్ ఫాన్ బెర్సుడా దానికి ఆద్యుడు.

ఈ క్రీడలను పర్యవేక్షించే ప్రపంచ జలాంతర్గత కార్యకలాపాల సమాఖ్య (సీఎంఏఎస్) 1959లో మొనాకోలో ఏర్పడింది. సముద్ర పరిశోధకుడు జాక్ కూస్తో దానికి తొలి అధ్యక్షుడు. నీటి అడుగు హాకీ తొలి ప్రపంచ పోటీలు 1980లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగాయి. నీటి అడుగు రగ్బీ తొలి ప్రపంచ పోటీలకు అదే సంవత్సరం జర్మనీ వేదికైంది.

సరదా పోటీకీ సేవా నిధికీ ముడిపెట్టిన ప్రసిద్ధ ఉదాహరణ వేల్స్‌లోని లాన్‌ఉర్టిడ్ వెల్స్‌లో జరిగే బురద స్నార్కెలింగ్. అక్కడి పీట్ బురదనేలలో తవ్విన సుమారు 55 మీటర్ల కాలువలో పోటీదారులు మాస్కు, స్నార్కెల్ (గాలి గొట్టం), ఫిన్స్ (కాలి రెక్కలు) ధరించి రెండు పొడవులు సాగాలి. మామూలు ఈత బారలు వేయకూడదు, కాళ్ల ఊపుతోనే కదలాలి. 1985లో మొదలైన ఈ పోటీ స్థానిక సేవాసంస్థలకు నిధులు సమకూర్చడంతో పాటు ఆ చిన్న పట్టణానికి పర్యాటకులనూ రప్పించింది.

చరిత్ర: నల్లగొండ, పాలమూరు నీటి ఆటలు

ఉమ్మడి నల్లగొండ జిల్లా 2016 అక్టోబరులో నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా విడిపోయింది. పాలమూరుగా పేరున్న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి అప్పుడే నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు, 2019లో నారాయణపేట జిల్లా ఏర్పడ్డాయి. ఎర్ర చెల్కలు, రాతి గుట్టలు ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో వర్షపాతం తక్కువ. దక్షిణాన కృష్ణా నది పారుతున్నా, ప్రాజెక్టులు వచ్చేవరకు ఊళ్లకు ఆధారం చెరువులు, బావులే.

పొలాల్లోని మోటబావి వెడల్పుగా, నాలుగు పలకలుగా, ఒక పక్క దిగేందుకు మెట్లు గాని బండరాళ్లు గాని ఉండేలా తవ్వినది. ఎడ్లతో తోలుబొక్కెన లాగించి సాగుకు నీరు పారించేవారు. పిల్లలకు ఈత వచ్చేది ఇక్కడే. నడుముకు బెండ్లు గాని, ఎండిన సొరకాయ బుర్ర గాని, తర్వాతి కాలంలో లారీ ట్యూబు గాని కట్టి, గట్టు మీద తాడు పట్టుకుని పెద్దవాళ్లు నేర్పేవారు. ఈత వచ్చాక దుంకుడు, మునుగుడు మొదలయ్యేవి. ఒడ్డు నుంచి దుంకి అడుగుదాకా పోయి గుప్పెడు మన్ను తెచ్చి చూపడం, నీళ్లలో వేసిన తెల్లరాయిని గాని నాణేన్ని గాని వెతికి తేవడం, మునిగి తప్పించుకునే ముట్టుడాట వీటిలో ముఖ్యమైనవి. చేతిలోని మన్నే గెలుపుకు రుజువు కాబట్టి తీర్పరి అవసరం ఉండేది కాదు.

కరెంటు మోటార్లు, ఆ తర్వాత బోర్లు వచ్చి భూగర్భ జలం కిందికి దిగడంతో చాలా బావులు ఎండిపోయాయి, కొన్నింటిని పూడ్చేశారు. దాంతో బావి ఈత తగ్గింది. మరోపక్క నాగార్జునసాగర్, మూసీ, డిండి, కోయిల్‌సాగర్, సరళాసాగర్, జూరాల జలాశయాలు, వాటి కాలువలు విస్తరించాయి. ఈత నేర్పే నీళ్లు కరువై, ఈత రాకుంటే ముంచే నీళ్లు పెరిగాయి. విరాళ పోటీల ఉద్దేశాన్ని నిర్ణయించేటప్పుడు ఈ మార్పు ప్రధానంగా లెక్కలోకి వస్తుంది (చూ. నిధుల వినియోగం).

కృష్ణ ఒడ్డున బీచుపల్లి, సోమశిల, వాడపల్లి, మట్టపల్లి వంటి రేవుల్లో పుట్టి నడిపేవారు, చేపలు పట్టేవారు లోతు నీటి మీద పట్టున్నవారు. 2016 ఆగస్టులో జరిగిన కృష్ణా పుష్కరాల్లో స్నానఘట్టాల వద్ద గజ ఈతగాళ్లను కాపలా ఉంచారు. నీటి అడుగు పోటీల భద్రతకు కావలసిన స్థానిక నైపుణ్యం ఈ వర్గాల దగ్గర సిద్ధంగా ఉంది.

ఆటల రకాలు: నియమబద్ధ క్రీడలు

నీటి అడుగు హాకీ: నీటిలో జట్టుకు ఆరుగురు, ఒడ్డున నలుగురు మార్పు ఆటగాళ్లు ఉంటారు. కొలను 25 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, 2 నుంచి 4 మీటర్ల లోతు ఉండాలి. ప్లాస్టిక్ తొడుగు వేసిన సుమారు 1.3 కిలోల సీసపు బిళ్లను జానెడు పైచిలుకు పొడవున్న కర్రతో అడుగున జరుపుతూ 3 మీటర్ల గోలులోకి నెట్టాలి. ఒక జట్టుకు తెల్ల కర్రలు, మరో జట్టుకు నల్ల కర్రలు. 15 నిమిషాల చొప్పున రెండు భాగాలు ఆడతారు. ఒంటితో ఢీకొట్టడం నిషిద్ధం. అందువల్ల ఆడ, మగ కలిసిన జట్లకూ ఇది అనుకూలం.

నీటి అడుగు రగ్బీ: 3.5 నుంచి 5 మీటర్ల లోతు కావాలి. ఉప్పునీటి బంతిని అడుగున ఉంచిన లోహపు బుట్టలో వేయాలి. బంతి ఉన్న ఆటగాడిని పట్టి ఆపవచ్చు కాబట్టి దేహబలం ఎక్కువ అవసరం. కొత్తవారి పోటీకి ఇది తగదు.

అక్వథ్లాన్: 1980లలో సోవియట్ యూనియన్‌లో రూపొందిన నీటి అడుగు కుస్తీ. ఇద్దరు మల్లులు అర నిమిషం విడతల్లో తలపడతారు. ఎదుటివారి చీలమండకు కట్టిన పట్టీలోని రిబ్బను లాగినవారు గెలుస్తారు.

ఫిన్ స్విమ్మింగ్: కాళ్లకు ఫిన్స్ తొడుక్కుని, కొన్ని విభాగాల్లో పూర్తిగా నీటి లోపలే సాగే వేగపు పందెం. భారతదేశంలో దీనికి జాతీయ స్థాయి పోటీలు ఉన్నాయి.

ఫ్రీడైవింగ్: ఊపిరి బిగబట్టి లోతు, దూరం, సమయం సాధించే పోటీ. ప్రమాదం ఎక్కువ కాబట్టి విరాళ పోటీల్లో, ముఖ్యంగా కొత్తవారికి, దీన్ని పెట్టకూడదన్నది సాధారణ నియమం (చూ. భద్రత).

ఆటల రకాలు: సరదా ఆటలు

నిధుల సేకరణకు ఎక్కువగా ఉపయోగపడేవి నేర్చుకోవడానికి పెద్దగా సమయం పట్టని ఆటలే.

నాణేల ఏరుడు: నడుము లోతు నుంచి ఆరడుగుల లోతు ఉన్న చోట స్టీలు బిళ్లలు చల్లి, ఒక్క మునకలో ఎవరు ఎక్కువ తెస్తారో చూస్తారు. పాత బావి ఆటకు ఇది కొలను రూపం. తెచ్చిన ఒక్కో బిళ్లకు ఇంత చొప్పున చందా పలికించవచ్చు.

అడుగు రిలే: నలుగురి జట్టు. ఒక్కొక్కరు అడుగున ఉన్న రింగును అవతలి గట్టుకు చేర్చి తర్వాతివారికి అందిస్తారు.

మునిగి చదరంగం: అయస్కాంతపు పావులున్న బల్లను కొలను అడుగున ఉంచుతారు. వంతు వచ్చిన ఆటగాడు మునిగి, గాలి కోసం పైకి రాకముందే ఎత్తు వేయాలి. 2010ల ఆరంభంలో ఈటన్ ఇల్‌ఫెల్డ్ రూపొందించిన ఈ ఆటకు లండన్‌లో పోటీలు జరిగాయి.

బొమ్మ హాకీ: నియమబద్ధ హాకీకి తేలిక రూపం. ముగ్గురు చొప్పున రెండు జట్లు, 5 నిమిషాల చొప్పున రెండు భాగాలు, ఒకటిన్నర మీటర్ల లోతు, తేలికైన రబ్బరు బిళ్ల.

నీటి అడుగున ఆట సాగే తీరు

నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనమవుతుంది. 3 మీటర్ల దగ్గర ఈ పెరుగుదల మూడో వంతు కన్నా కొంచెం తక్కువే అయినా కర్ణభేరికి నొప్పి తెలుస్తుంది. ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడం కొత్తవారికి మొదట నేర్పవలసిన పని. జలుబు, చెవిపోటు ఉన్నవారిని ఆడనివ్వరు.

మాస్కు అద్దం గుండా చూసినప్పుడు కాంతి వక్రీభవనం వల్ల వస్తువులు దాదాపు మూడో వంతు పెద్దవిగా, దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తాయి. మొదటిసారి ఆడేవారు బిళ్లను అందుకోబోయి చేయి ముందే మూసేయడానికి కారణం ఇదే. ధ్వని నీటిలో సెకనుకు సుమారు 1,480 మీటర్ల వేగంతో, గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా సాగుతుంది. అందువల్ల శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో పోల్చుకోలేరు. ఒడ్డున ఊదిన ఈల లోపలికి సరిగా వినబడదు. నీటిలోకి దించిన లోహపు గంటను గాని ధ్వని యంత్రాన్ని గాని మోగించి ఆట ఆపుతారు. నీటిలోని తీర్పరులు చేతి సైగలతో ఒడ్డున ఉన్న ప్రధాన తీర్పరికి తప్పులు తెలుపుతారు.

ఊపిరి ఒకేసారి అయిపోకుండా ఆటగాళ్లు వంతులవారీగా మునుగుతారు. ఒకరు బిళ్లతో అడుగున ఉంటే, ఒకరు దిగుతూ, మరొకరు పైన గాలి తీసుకుంటూ ఉంటారు. గెలుపు వ్యక్తిగత ఊపిరి బలం కన్నా ఈ వంతుల కుదురు మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

వేదిక, నీరు, సామగ్రి

పోటీకి అర్హమైన వేదిక టైల్సు పరిచిన, శుద్ధి యంత్రం ఉన్న ఈత కొలను ఒక్కటే. బావుల్లో మోటారు పైపులు, వైర్లు, పూడిక ఉంటాయి. చెరువుల్లో తామర తీగలు, బురద, ఇసుక తవ్విన గుంతలు ఉంటాయి. కాలువల్లో ప్రవాహం అంచనాకు అందదు. ఈ మూడింటిలోనూ అడుగు కనిపించదు. మునిగిన మనిషి ఒడ్డు నుంచి కనిపించని నీటిలో పోటీ జరపకూడదు.

జిల్లా కేంద్రాల్లోని కొలనులు నాణేల ఏరుడు, రిలే, బొమ్మ హాకీ వంటి వాటికి ఉపయోగపడతాయి. లోతైన కొలను అవసరమయ్యే క్రీడలకు హైదరాబాద్ గచ్చిబౌలిలో 2002 జాతీయ క్రీడల కోసం నిర్మించిన జలక్రీడా ప్రాంగణం వంటివి కావాలి. ప్రభుత్వ కొలనుల కోసం జిల్లా యువజన, క్రీడల అధికారి అనుమతి తీసుకోవాలి.

నీటిలో మిగులు క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండేలా చూస్తారు. మసక నీటిని తేర్చడానికి పటిక, క్రిములను చంపడానికి బ్లీచింగ్ పౌడర్ వాడతారు. 

నీటి పరిమాణం ఈ ప్రాంతంలో ఉపేక్షించరాని అంశం. 25 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతున్న కొలనులో 7.5 లక్షల లీటర్ల నీరు పడుతుంది. రాష్ట్ర తాగునీటి పథకమైన మిషన్ భగీరథలో గ్రామీణులకు నిర్ణయించిన రోజుకు 100 లీటర్ల లెక్కన ఇది 7,500 మందికి ఒకరోజు సరఫరాతో సమానం. కాబట్టి పోటీ కోసం కొత్తగా గుంత తవ్వి నింపడం గాని, నిండిన కొలనును ఖాళీ చేసి మళ్లీ నింపడం గాని చేయరాదు.

మాస్కు, స్నార్కెల్, ఫిన్స్, చెవులకు రక్షణ ఉన్న టోపీ, చేతికి మందపాటి గ్లవ్ హాకీకి కనీస సామగ్రి. ఈత కళ్లజోడు ముక్కును కప్పదు కాబట్టి లోతులో మాస్కుకు బదులుగా వాడకూడదు. కర్రలను స్థానిక వడ్రంగి చేతనే, అంచులు గుండ్రంగా ఉండేలా చేయించవచ్చు. తొడుగు లేని సీసం వాడరాదు.

పోటీ నిర్మాణం, నిర్వహణ

ఒక్కరోజు బొమ్మ హాకీ పోటీకి ఎనిమిది జట్లు అనువైన సంఖ్య. నాలుగేసి జట్ల రెండు గ్రూపులు చేస్తే గ్రూపుకు 6 చొప్పున 12 ఆటలు, రెండు సెమీఫైనళ్లు, మూడో స్థానం ఆట, ఫైనల్ కలిపి మొత్తం 16 అవుతాయి. 5 నిమిషాల రెండు భాగాలు, నిమిషం విరామం, జట్లు మారడానికి 4 నిమిషాలు కలిపి ఆటకు 15 నిమిషాల చొప్పున నాలుగు గంటల్లో పూర్తవుతుంది. వ్యక్తిగత సరదా ఆటలను మధ్యలో, హాకీ జట్లకు విశ్రాంతి దొరికేలా పెడతారు.

కాలం ఎంపికలో రెండు వైపులా లాభనష్టాలున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరుతుంది. బడులకు సెలవులు కాబట్టి పాల్గొనేవారు ఎక్కువ. అయితే ఒడ్డున ప్రేక్షకులకు వడదెబ్బ ముప్పు, ఊళ్లలో నీటి కటకట ఉంటాయి. పొద్దున 6 గంటలకే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించడం, లేదా ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరపడం మేలు.

కనీస సిబ్బంది: పోటీ నిర్వాహకుడు, ప్రధాన తీర్పరి, నీటిలో ఇద్దరు తీర్పరులు, సమయ లేఖరి, భద్రతాధికారి, నీటి కాపరులు, వైద్య సహాయకులు, కోశాధికారి. భద్రతాధికారికి మరో బాధ్యత ఇవ్వకూడదు. ఆట ఆపే అధికారం ఆయనకు ఉండాలి.

ఒడ్డున ఉన్నవారికి కాళ్ల తన్నులు, నురగ తప్ప ఆట కనిపించదు. ఇది ఈ క్రీడల పెద్ద లోపం. నీటిలోకి దించిన కెమెరాను తెరకు కలపడం, వ్యాఖ్యాతను పెట్టడం దీనికి మార్గాలు. అది కుదరకపోతే నాణేల ఏరుడు వంటి, ఫలితాన్ని ఒడ్డున లెక్కపెట్టి చూపగల ఆటలకు ప్రాధాన్యం ఇస్తారు.

ఆడపిల్లలకు, మహిళలకు వేరు సమయాలు, మహిళా కాపరులు, ఒళ్లంతా కప్పే నైలాన్ ఈత దుస్తులకు అనుమతి ఉంటే వారి సంఖ్య పెరుగుతుంది. చీర, లంగా, నూలు సల్వార్ నీరు పీల్చి బరువెక్కుతాయి కాబట్టి భద్రత దృష్ట్యా వాటిని అనుమతించరు.

భద్రత

నీటి అడుగు ఆటల్లో మొదటి ప్రమాదం మునిగి ఉండగానే స్పృహ తప్పడం. మునగడానికి ముందు గబగబా లోతుగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. ఊపిరి తీయాలన్న తపనను కలిగించేది ఆ వాయువే కాబట్టి, హెచ్చరిక అందకముందే మెదడుకు ఆక్సిజన్ తగ్గి ఆటగాడు చప్పుడు లేకుండా మూర్ఛపోతాడు. బాగా ఈత వచ్చినవారికీ ఇది జరుగుతుంది. అందువల్ల ‘ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారు’ అనే పందెం, ఒకే ఊపిరిలో దూరం ఈదే పందెం విరాళ పోటీల్లో ఉండకూడదు. ప్రతి మునకకు సమయ పరిమితి, మునకల మధ్య తగిన విశ్రాంతి, ఇద్దరిద్దరుగా ఒకరిని ఒకరు కనిపెట్టుకునే జంట పద్ధతి తప్పనిసరి.

పాల్గొనేవారికి ముందురోజు పరీక్ష పెడతారు. ఆగకుండా 50 మీటర్ల ఈత, రెండు నిమిషాలు నీటిపై నిలకడగా తేలడం సహేతుకమైన కనీస ప్రమాణం. మూర్ఛ, గుండె జబ్బు, అదుపులో లేని ఉబ్బసం ఉన్నవారు, మద్యం తాగినవారు నీటిలోకి దిగరాదు. 18 ఏళ్ల లోపువారికి తల్లిదండ్రుల లిఖిత సమ్మతి కావాలి.

మునిగిన మనిషిని బయటికి తీశాక శ్వాస లేకపోతే మొదట నోటి ద్వారా ఊపిరి అందించి, ఆ తర్వాత 30 ఛాతీ నొక్కుళ్లకు 2 ఊపిర్ల చొప్పున సీపీఆర్ సాగించాలి. నొక్కుళ్ల వేగం నిమిషానికి 100 నుంచి 120. కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా తిప్పడం పల్లెల్లో ఇంకా కనిపించే పద్ధతులు. అవి హానికరం, విలువైన సమయాన్ని వృథా చేస్తాయి. 108 అంబులెన్సు సేవకు పోటీ తేదీని ముందే తెలిపి, కొలను వద్ద ఆక్సిజన్, స్ట్రెచర్ సిద్ధంగా ఉంచాలి.

నిధుల సేకరణ

నిధులు నాలుగు దారుల్లో వస్తాయి. మొదటిది జట్టు ప్రవేశ రుసుము. ఇది సాధారణంగా కొలను అద్దె, కాపరుల భత్యం వంటి ఖర్చులకే సరిపోతుంది. రెండోది హామీ చందా. బంధుమిత్రులు, దుకాణదారులు ఆటగాడు తెచ్చే ఒక్కో బిళ్లకు, ఒక్కో గోలుకు ఇంత అని ముందే రాసిస్తారు. ఇందులో గరిష్ఠ మొత్తం కూడా రాయించుకోవాలి. లేకపోతే ఆటగాళ్లు శక్తికి మించి మునిగే ప్రమాదం ఉంది. మూడోది ప్రాయోజకుల సాయం. రైస్ మిల్లులు, విత్తన దుకాణాలు, ప్రైవేటు బడులు, ఆసుపత్రులు ఈ జిల్లాల్లో సహజంగా సంప్రదించే వర్గాలు. నాలుగోది తినుబండారాల దుకాణాలు, టీషర్టుల అమ్మకం.

ఈ ప్రాంతంలో జాతరలకు, కబడ్డీ పోటీలకు, ఎడ్ల బండ పోటీలకు ఊరంతా చందా వేసుకునే అలవాటు పాతదే. దాత పేరు మైకులో చదవడం ఆ అలవాటులో భాగం. దేశవ్యాప్త భూదానోద్యమం 1951 ఏప్రిల్ 18న నాటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో, వినోబా భావే సమక్షంలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని సభలో ప్రకటించడంతోనే మొదలైంది. అందరి ముందు మాట ఇవ్వడం దాతను కట్టుబడేలా చేస్తుంది. అయితే చిన్న దాతలు చిన్నబోకుండా మొత్తాలను కాక పేర్లను మాత్రమే చదివే పద్ధతి మేలని భావిస్తారు.

చట్టం, పన్ను, లెక్కలు

నిధులు తీసుకునే సంస్థ సొసైటీగా గాని ట్రస్టుగా గాని నమోదై ఉండాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదుకు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. తాత్కాలిక కమిటీలు పోటీ జరిపితే, సొమ్ము నేరుగా నమోదిత సంస్థ ఖాతాలో పడేలా చూడటం ఉత్తమం.

1961 ఆదాయపు పన్ను చట్టంలో 80జి సెక్షన్ పేరుతో ప్రసిద్ధమైన రాయితీ, గుర్తింపు ఉన్న సంస్థకు ఇచ్చిన విరాళానికే వర్తిస్తుంది. 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి ఆ రాయితీ లేదు. ప్రవేశ రుసుము, టీషర్టు ధర విరాళాలు కావు. వాటికి విరాళ రశీదు ఇవ్వరాదు.

కంపెనీల చట్టం, 2013 కింద పెద్ద కంపెనీలు ఖర్చు చేయవలసిన సామాజిక బాధ్యత నిధిని ఇలాంటి పోటీ ప్రాయోజకత్వానికి చూపడం కుదరదు. మారథాన్ వంటి ఒక్కసారి కార్యక్రమాలు ఆ లెక్కలోకి రావని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ 2014లో స్పష్టం చేసింది. పోటీ తర్వాత ఏడాది పొడవునా సాగే ఈత శిక్షణ వంటి పథకానికి ఆ నిధిని అడగవచ్చు.

ప్రవాసుల విరాళాల్లో పౌరసత్వం కీలకం. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదన నుంచి ఇచ్చేది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ (విదేశీ భారతీయ పౌరుల) కార్డు ఉన్నా, ఇచ్చేది విదేశీ విరాళమే. 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి లేని సంస్థ దాన్ని తీసుకోరాదు.

లక్కీ డ్రా టికెట్ల అమ్మకం నిధులు రాబట్టే తేలిక మార్గంగా కనిపిస్తుంది. అనుమతి లేని లాటరీ నడపడం శిక్షార్హం కాబట్టి దాన్ని మానాలి. గెలుపోటములపై పందేలు కాయనివ్వడం కూడా నేరమే.

పోటీ ముగిసిన వెంటనే జమాఖర్చులను ఒక్క కాగితం మీద ప్రకటించడం మంచి సంప్రదాయం. వచ్చిన మొత్తం, ఖర్చు, మిగులు, ఎవరికి, ఏ తేదీన చెల్లించారు అన్న ఐదు వివరాలు అందులో ఉండాలి.

నిధుల వినియోగం: ప్రాంతీయ అవసరాలు

ఈ జిల్లాల్లో ఇలాంటి నిధికి రెండు సహజ గమ్యాలున్నాయి. ఒకటి ఫ్లోరోసిస్ బాధితుల సహాయం. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల్లో తరాల పాటు ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరునీరు తాగినవారిలో దంతాలు గారపట్టడం, ఎముకలు వంకరపోవడం, కీళ్లు బిగుసుకోవడం కనిపించాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, ప్రత్యామ్నాయం లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారత ప్రమాణాలు చెబుతాయి. కృష్ణా జలాల సరఫరాతో కొత్త కేసులకు అడ్డుకట్ట పడినా, ఇప్పటికే వంగిన ఎముకలు తిరిగి సరికావు. చక్రాల కుర్చీలు, ఫిజియోథెరపీ, పోషకాహారం వారికి శాశ్వత అవసరాలు.

రెండోది మునక మరణాల నివారణ. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో నీట మునిగి 38 వేల మందికి పైగా చనిపోయారు. ప్రపంచవ్యాప్తంగా 5 నుంచి 14 ఏళ్ల పిల్లల మరణాలకు మునక మూడో ప్రధాన కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక తెలిపింది. బడి ఈడు పిల్లలకు ఈత, ఒడ్డున ఉన్నవారికి రక్షణ పద్ధతులు నేర్పడం, నీటి చుట్టూ కంచెలు వేయడం ఆ సంస్థ సూచించే మార్గాల్లో ఉన్నాయి. బంగ్లాదేశ్‌లో పల్లె చెరువుల్లోనే వెదురు చట్రాలు కట్టి పిల్లలకు 25 మీటర్ల ఈత, అర నిమిషం తేలడం నేర్పే కార్యక్రమాలు తక్కువ ఖర్చుతో సాగాయి. ఐక్యరాజ్య సమితి 2021లో జులై 25ను మునక నివారణ దినంగా ప్రకటించింది. పోటీ తేదీకి అదీ తగిన సందర్భమే.

ప్రాముఖ్యం, పరిమితులు

ఈ పోటీల వల్ల కొత్త క్రీడ పరిచయమవుతుంది, ప్రభుత్వ కొలనుల వినియోగం పెరుగుతుంది, ప్రథమ చికిత్స తెలిసినవారి సంఖ్య పెరుగుతుంది. గజ ఈతగాళ్ల నైపుణ్యానికి గౌరవ వేతనంతో గుర్తింపు దక్కుతుంది. కీళ్ల నొప్పులున్నవారి బరువును నీరు మోస్తుంది కాబట్టి, వైద్యుల సలహాతో వికలాంగులకు తేలిక ఆటలు ఏర్పాటు చేసే వీలుంది.

పరిమితులూ చిన్నవి కావు. మాస్కులు, ఫిన్స్ వంటి సామగ్రి ఖర్చు వాలీబాల్, కబడ్డీలతో పోలిస్తే ఎక్కువ. కొలనులు పట్టణాలకే పరిమితం కాబట్టి పల్లె పిల్లలకు రవాణా కల్పించాలి. కరువు సంవత్సరంలో నీటి ఆటలు జరపడం ప్రజల్లో విముఖత కలిగించవచ్చు. భద్రతకు కోత పెట్టి మిగులు చూపించే ప్రలోభం నిర్వాహకులకు ఎప్పుడూ ఉంటుంది.

కాబట్టి కాపరుల, వైద్య సిబ్బంది ఖర్చును ప్రవేశ రుసుముల నుంచే ముందుగా పక్కన పెట్టి, విరాళాలను పూర్తిగా సేవా కార్యానికి కేటాయించేలా బడ్జెట్ వేస్తారు. రుసుములు ఆ ఖర్చుకు చాలని పక్షంలో పోటీని కుదించాలి, లేదా వాయిదా వేయాలి.